షెర్పా వెంట ఉంటే అది ఆరోహణ కాదా?

గైడ్ల సాయంతో ఎత్తైన హిమాలయ శిఖరాలు ఎక్కడం 1980లలో మొదలై, 1990లు వచ్చేసరికి స్థిరమైన వ్యాపారంగా మారింది. రుసుము కట్టినవారికి ఒక సంస్థ ప్రభుత్వ అనుమతి, గుడారాలు, వంట, ఆక్సిజన్ సిలిండర్లు సమకూర్చి, దారి పొడవునా తాళ్ళు బిగించే, బరువులు మోసే, పక్కనే ఎక్కే షెర్పాలను ఏర్పాటు చేస్తుంది. ఖతార్ ఆరోహకులు ఎవరెస్ట్‌కు వెళ్ళింది కూడా గైడ్లు, షెర్పాలు ఉన్న బృందాలతోనే. 2013 మే నెలలో షేక్ మహమ్మద్ బిన్ అబ్దుల్లా అల్ థానీ ఆ శిఖరం చేరిన తొలి ఖతారీ అయ్యారు. 2019లో బ్యాంకు రంగానికి చెందిన ఫహద్ బదర్ ఎక్కారు. 2022 మే 27న షేఖా అస్మా బింత్ థానీ అల్ థానీ ఎక్కి, ఖతార్ మహిళల్లో మొదటివారయ్యారు.

ఇలాంటి ఆరోహణలంటే ఒక చులకన భావం ప్రపంచమంతటా పాతుకుపోయింది. డబ్బుంటే చాలునని, షెర్పాలే మోసుకెళ్ళి పైన దించుతారని, తన దారి తాను చూసుకున్నవాడే అసలైన ఆరోహకుడని దాని సారాంశం. గల్ఫ్ రాజకుటుంబాల పేర్లు వినిపిస్తే ఈ మాట ఇంకాస్త గట్టిగా వస్తుంది. పర్వతం మీద శరీరానికి ఏం జరుగుతుందో, హిమాలయ ఆరోహణ చరిత్ర ఎలా నడిచిందో చూస్తే ఈ అభిప్రాయం నిలవదు. పైగా అది ఎవరి పక్షాన మాట్లాడుతున్నట్టు కనిపిస్తుందో ఆ షెర్పాలకే ఎక్కువ అన్యాయం చేస్తుంది.

ఎవరెస్ట్ ఎత్తు 8,848.86 మీటర్లు. శిఖరం మీద గాలి పీడనం సముద్రతీరంలో ఉండేదాంట్లో మూడో వంతు మాత్రమే. 5,300 మీటర్ల పైన ఉన్న బేస్ క్యాంప్‌లోనే అది సగానికి పడిపోతుంది. ఆ గాలికి అలవాటు పడటానికి శరీరానికి వారాలు పడతాయి. ఎర్ర రక్తకణాలు పెరగాలి, ఊపిరి తీసే వేగం మారాలి. అందుకే ఆరోహకులు పై క్యాంపులకు ఎక్కి, మళ్ళీ దిగి, మళ్ళీ ఎక్కుతారు. ఈ పని ఒకరి బదులు మరొకరు చేయలేరు. సామాను షెర్పా మోయగలడు, తాడు షెర్పా కట్టగలడు, ఊపిరి మాత్రం ఎవరిది వారే పీల్చుకోవాలి. సిలిండర్‌లోని ఆక్సిజన్ ఎత్తు ప్రభావాన్ని కొంత తగ్గిస్తుందే తప్ప రద్దు చేయదు. మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో నీరు చేరడం మొదలైతే, కిందికి దిగడమే అసలు చికిత్స. 8,000 మీటర్ల పైన సొంత కాళ్ళ మీద నడవలేని మనిషిని కిందికి తేవడం అనుభవజ్ఞులైన షెర్పాలకు కూడా చాలాసార్లు సాధ్యం కాదు. ఎవరెస్ట్ మీద ఇప్పటిదాకా 300 మందికి పైగా చనిపోయారు. భారీగా రుసుము కట్టి వెళ్ళినవారూ వారిలో ఉన్నారు.

ఖతార్ మనిషికి ఈ కష్టం మరింత ఎక్కువ. ఆ దేశంలో అన్నిటికంటే ఎత్తైన చోటైన ఖురైన్ అబూ అల్ బౌల్ ఎత్తు 103 మీటర్లు. తెలంగాణలోని భువనగిరి గుట్ట ఎక్కి సాధన చేసే పిల్లలకున్న సౌకర్యం కూడా అక్కడ లేదు. దోహాలోని ఆస్పెటార్ క్రీడా వైద్యశాలలో ఆక్సిజన్ తగ్గించిన గదులున్నాయి. మంచు మీద నడకను, తాడు మీద బరువును ఏ గదీ నేర్పదు. వాటి కోసం దేశం దాటి ఏళ్ళ తరబడి వేరే పర్వతాల మీద తిరగాల్సిందే.

డబ్బు రక్షణ కవచం కాదనడానికి ఫహద్ బదర్ ఉదాహరణే చాలు. ఎవరెస్ట్ ఎక్కిన రెండేళ్ళకు, 2021లో, పాకిస్తాన్‌లోని 8,051 మీటర్ల బ్రాడ్ పీక్ మీద ఆయన మంచుకాటుకు గురై చేతివేళ్ళు కోల్పోయారు. అప్పటికి ఆయనకు డబ్బూ ఉంది, అనుభవమూ ఉంది, వెంట బృందమూ ఉంది. అంతటితో ఆగకుండా మళ్ళీ పర్వతాలకు వెళ్ళిన ఆ మనిషి పట్టుదలను 'కొనుక్కున్న శిఖరం' అనే మాట కొలవలేదు.

పూర్వం ఆరోహకులు ఎవరి సాయం లేకుండా ఎక్కేవారన్నది మరో అపోహ. 1953లో ఎడ్మండ్ హిల్లరీ, టెన్జింగ్ నార్గే శిఖరం చేరిన బ్రిటిష్ యాత్రలో సామాను మోసిన కూలీలే 350 మందికి పైగా. టెన్జింగ్ ఆ యాత్రలో షెర్పాల నాయకుడైన సర్దార్ కూడా. అంతకు చాలా ముందే, 1922లో, ఎవరెస్ట్ మీద జరిగిన తొలి పెద్ద ప్రమాదంలో హిమపాతం కింద చనిపోయిన ఏడుగురూ బరువులు మోసిన స్థానికులే. షెర్పాల శ్రమ లేని ఎవరెస్ట్ ఆరోహణ చరిత్ర అంటూ విడిగా ఏదీ లేదు. 1978లో ఆక్సిజన్ లేకుండా ఎక్కిన రైన్‌హోల్డ్ మెస్నర్, పీటర్ హబెలర్ కూడా ఒక పెద్ద ఆస్ట్రియన్ యాత్రలో భాగంగానే వెళ్ళారు. అప్పుడు ఖర్చు దేశాలు, క్లబ్బులు భరించేవి. ఇప్పుడు ఎక్కువగా ఎక్కేవాళ్ళే భరిస్తున్నారు. మారింది అంతే.

ఈ మార్పు వల్ల లాభపడింది ధనవంతులే అనడమూ పూర్తి నిజం కాదు. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. పూర్ణ తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ చొరవతో, ప్రభుత్వ ఖర్చుతో, భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ పొంది, గైడ్లు, షెర్పాల వెంట వెళ్ళారు. గైడ్ల వ్యవస్థే లేకపోతే కూలి పని చేసుకునే ఇంటి ఆడపిల్ల ఆ శిఖరం దరిదాపులకు చేరే దారి ఏది? పక్కన షెర్పా ఉన్నందుకు పూర్ణ సాధించినది తక్కువని అనే సాహసం తెలుగునాట ఎవరికీ ఉండకూడదు. పూర్ణకు వర్తించే కొలమానమే దోహా నుంచి వెళ్ళినవారికీ వర్తించాలి.

ఈ వ్యవస్థలో లోపాలు లేవని కాదు. ఖర్చు సామాన్యుడికి అందదు. 2025 సెప్టెంబరు నుంచి నేపాల్ వసంతకాలపు ఎవరెస్ట్ అనుమతి రుసుమును 11,000 డాలర్ల నుంచి 15,000 డాలర్లకు పెంచింది. అంటే దాదాపు 54,600 ఖతారీ రియాళ్ళు. ఖతార్‌లో 1,000 రియాళ్ళ కనీస మూలవేతనం తీసుకునే కార్మికుడికి అది నాలుగున్నరేళ్ళ మూలవేతనం, అదీ అనుమతి పత్రానికి మాత్రమే. చౌకగా తీసుకెళ్తామనే సంస్థలు అనుభవం లేనివారినీ చేర్చుకుంటున్నాయి. 2019 మేలో శిఖరానికి కాస్త దిగువన బారులు తీరిన జనం ఫొటో ప్రపంచమంతా చూసింది.

అన్నిటికంటే తీవ్రమైనది షెర్పాల ప్రాణాల విషయం. 2014 ఏప్రిల్ 18న నేపాల్ వైపు దారిలోని ఖుంబూ ఐస్‌ఫాల్‌లో మంచు పెళ్ళలు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. ఒక్కో కుటుంబానికి ప్రభుత్వం ప్రకటించిన తక్షణ సాయం 40,000 నేపాలీ రూపాయలు. షెర్పాలు ఆగ్రహించి పని ఆపేశారు. నేపాల్ వైపు ఆ సీజన్ దాదాపు అక్కడితో ముగిసింది. ఆ తర్వాతే వారి కనీస బీమా 15 లక్షల నేపాలీ రూపాయలకు పెరిగింది. ఐస్‌ఫాల్‌లో నిచ్చెనలు వేసేవారు, తాళ్ళు బిగించేవారు, సిలిండర్లు మోసేవారు ఆ ప్రమాదకరమైన చోటును ఒక్క సీజన్‌లోనే ఎన్నోసార్లు దాటుతారు. రుసుము కట్టి వెళ్ళే ఆరోహకుడు దాన్ని దాటేది అంతకంటే చాలా తక్కువసార్లు.

చులకనగా మాట్లాడేవారు తప్పుదారి పట్టేది ఇక్కడే. 'షెర్పాలు మోసుకెళ్ళారు' అనే మాట ఎక్కినవారిని కించపరచడంతో ఆగదు, షెర్పాను కూలీగా కుదిస్తుంది. గాలి తీరు చూసి బయలుదేరే వేళ నిర్ణయించేది, ఏ మంచు నమ్మదగ్గదో చెప్పేది, మధ్యాహ్నం దాటితే శిఖరం కళ్ళెదుటే ఉన్నా వెనక్కి మళ్ళించేది అతడే. వెనుదిరిగే వేళను పట్టించుకోకపోతే ఏమవుతుందో 1996 మే నెల చూపింది. రెండు పేరున్న సంస్థల నాయకులు రాబ్ హాల్, స్కాట్ ఫిషర్ సహా ఎనిమిది మంది ఆ తుఫానులో పోయారు. గైడ్ పని విద్య. దాన్ని నమ్మి, దాని మాట విని నడవడం ఆరోహకుడికి ఉండాల్సిన వివేకం. 8,000 మీటర్లు దాటిన శిఖరాలపై ఇద్దరు ఆరోహకులకు ఒక గైడ్ తప్పనిసరి అని నేపాల్ 2025లో తెచ్చిన నియమం దీన్ని గుర్తించింది.

షెర్పాల శ్రమను గుర్తించాలన్న ఈ మాట ఖతార్‌కు మరింత దగ్గరగా తగలాలి. దోహా మెట్రోను, స్టేడియాలను, ఎత్తైన భవనాలను కట్టినవారిలో నేపాలీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి వెళ్ళినవారు వారి పక్క మంచాల మీదే పడుకుంటారు. షేక్ మహమ్మద్ వెళ్ళిన 2013 యాత్ర నేపాల్‌లో చదువుల కోసం నిధులు సేకరించడం మంచి ఉదాహరణ. అది ప్రతి యాత్రకూ నియమం కావాలి.

బృందంలో చేరాలనుకునేవారు డబ్బు కట్టకముందే సంస్థను మూడు విషయాలు అడగాలి: షెర్పాలకు బీమా ఎంత, వెనక్కి తిరగమని చెప్పే అధికారం ఎవరిది, అనుభవం లేనివారిని చేర్చుకుంటారా అని. జవాబు సరిగా రాకపోతే ఆ సంస్థను వదిలేయాలి. వార్త రాసే విలేకరులు, దోహాలోనైనా హైదరాబాద్‌లోనైనా, 'తొలి వ్యక్తి' పేరు పక్కన ఆ రోజు శిఖరం మీద ఆ వ్యక్తితో నిలబడిన షెర్పా పేరు అడిగి తెలుసుకుని అచ్చు వేయాలి.