పదిహేనేళ్ళు నిండిన కుమార్తె

కొంతకాలం క్రితం ఒక సోదరి మా వద్దకు వచ్చి ఒక సమస్య అడిగారు. "మౌలానా గారూ, మా అమ్మాయికి పదిహేనేళ్ళు నిండాయి. ఇంకా పెద్దమనిషి కాలేదు. రమజాన్ ఉపవాసాలు ఆమెకు ఫర్జ్ అవుతాయా?"

అవుతాయని చెప్పాము. యుక్తవయస్సు చిహ్నాలు కనిపించకున్నా చాంద్రమానం ప్రకారం 15 సంవత్సరాలు నిండితే బాలిక బాలిగా అయినట్లేనన్నది హనఫీ పండితుల ఫత్వా. కాని ఆ సమాధానంతో మా బాధ్యత తీరలేదు. ఆ అమ్మాయి మా మక్తబ్‌లోనే చదివింది. తోటివారందరూ ఎదిగి వెనుక వరుసలకు వెళ్ళినా ఆమె చిన్నపిల్లల సరసనే మొదటి వరుసలో ఉండిపోయింది. ఏళ్ళ తరబడి చూస్తూ కూడా మేము ఆమె తండ్రితో ఒక్క మాట అనలేదు. ఆ పొరపాటును ఒప్పుకుంటూ, వైద్యులకు చూపించమని కోరాము. రక్తపరీక్షలో టర్నర్ సిండ్రోమ్ అని తేలింది.

స్త్రీ శరీర కణాలలో సాధారణంగా రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి. ఈ స్థితిలో వాటిలో ఒకటి పూర్తిగానో, కొంత భాగమో లోపిస్తుంది. సుమారు 2,000 నుండి 2,500 మంది ఆడశిశువులలో ఒకరికి ఇలా జరుగుతుంది. 1938లో దీనిని వివరించిన అమెరికా వైద్యుడు హెన్రీ టర్నర్ పేరే దీనికి స్థిరపడింది. పుట్టినప్పుడు చేతులు, పాదాలు ఉబ్బి ఉండటం, మెడ వెడల్పుగా ఉండటం, ఎత్తు పెరగకపోవడం, రజస్వల కాకపోవడం దీని చిహ్నాలు. అన్నీ అందరిలోనూ కనిపించవు. తెలివితేటలు సాధారణంగా అందరి వలెనే ఉంటాయి. ఈ బాలిక స్త్రీయే. అందులో ఏ సందేహానికీ తావు లేదు.

ఆలస్యం మాత్రం నష్టం చేస్తుంది. ఎత్తు పెంచే హార్మోను ఇంజెక్షన్లు ఎముకల ఎదుగుదల ముగియక ముందే పనిచేస్తాయి. యుక్తవయస్సు మార్పులకు వేరొక హార్మోను సాధారణంగా 11, 12 ఏళ్ళ నుండి ఇస్తారు. కొందరిలో గుండె నుండి బయలుదేరే పెద్ద ధమని ఇరుకుగా ఉంటుంది. కనుక గుండె, మూత్రపిండాలు, వినికిడి తప్పక పరీక్షించాలి. పదమూడేళ్ళు వచ్చినా శరీరంలో మార్పు మొదలుకాకపోతే సిగ్గుతో దాచకండి.

ఆ ఇంట్లో నానమ్మ గారు కోడలిని నిందించారట, గర్భంతో ఉండగా గ్రహణం చూసిందని. తండ్రి తమది మేనరికమని కుమిలిపోయారు. రెండూ కారణాలు కావు. ఇది దాదాపు ఎల్లప్పుడూ యాదృచ్ఛికంగా సంభవించేదే. తల్లి తప్పూ లేదు, తండ్రి తప్పూ లేదు.

వీరిలో ఎక్కువమందికి సహజంగా సంతానం కలగదు. నికాహ్ మాటలప్పుడు ఈ విషయం దాచడం ఇరుపక్షాలకూ అన్యాయమే. అయితే సంతానం లేని స్త్రీ విలువ తగ్గిందని భావించడం అంతకన్నా పెద్ద అన్యాయం. హజ్రత్ ఆయిషా (రజి) గారికి సంతానం లేదు. అయినా ఆమె విశ్వాసుల మాతృమూర్తి. ఎందరో పండితులకు గురువు.

ఆ అమ్మాయి ఇప్పుడు చికిత్స పొందుతూ మక్తబ్‌లో చిన్నపిల్లలకు ఖాయిదా నేర్పుతోంది. మేము ఇప్పుడు ప్రతి సంవత్సరం పిల్లల ఎత్తును గోడపై గుర్తిస్తున్నాము. మీరూ మీ ఇంటి గోడపై అలా గుర్తించండి.