శిలలు లేని అమరావతి

మొన్న బంజారా హిల్సునందలి యొక మిత్రుని గృహమునకు పోయియుంటిమి. ఆయన చలనచిత్ర వ్యాపారమున నున్నవారు. పాట చిత్రీకరణమునకై బాంకాకు నగరమునకు పోయి వచ్చి, చావ్ ఫ్రయా నదీతీరమునందలి అరుణాలయపు ఛాయాచిత్రములను చూపుచుండిరి. ఖ్మేరు పద్ధతిని మొక్కజొన్న కంకివలె నింగికి లేచిన గోపురము. దాని యొడలెల్ల పింగాణీ పెంకులతో పొదిగిన పూవులు. నిటారుగ నున్న మెట్లు. "నదియొడ్డున నిట్టి బౌద్ధాలయము మనకును ఒకటి యుండిన నెంత బాగుండును!" అని వారు నిట్టూర్చిరి. అమరావతిని చూచితిరా యని యడిగితిమి. "చూచితిని, లండనులో" అనిరి.

ఆయన పరిహాసమున కనలేదు. ఉన్నమాటయే యనిరి. అమరావతి యను పేరు కృష్ణాతీరమున నున్నది; అమరావతి శిల్పము మాత్రము లండనునందును చెన్నపట్టణమునందును ఉన్నది. దాని ప్రయాణమునకు బండి కట్టినవారిలో మనమును కలము.

ఆ అరుణాలయ గోపురమును సయాము రాజులు రెండవ రాముడు, మూడవ రాముడు 19వ శతాబ్ది పూర్వార్ధమున నేటి యెత్తునకు లేపిరి. సరిగా ఆ దినములలోనే ఆంధ్రులు తమ నదియొడ్డు స్తూపమును రాయిరాయిగా విప్పుచుండిరి. గ్రామస్థులు దీపాలదిన్నె యని పిలుచుకొన్న ఆ దిబ్బను వాసిరెడ్డి వేంకటాద్రినాయని కాలమున కొత్తపట్టణ నిర్మాణమునకై త్రవ్విరి. శాతవాహనుల శిల్పులు ప్రాణము పోసిన పలనాటి సున్నపురాయి కొంత గోడలలోనికి, కొంత సున్నపుబట్టీలోనికి పోయెను. కల్నల్ మెకంజీ 1816లో తన చిత్రకారులచే వ్రాయించిన పటములే లేకున్న, పోయినది యెట్టిదో కూడ మనకు తెలియకపోయెడిది. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి మదరాసునకు చేర్చిన శిలలు 1859లో ఓడనెక్కి లండనునకు పోయినవి. అచ్చట కొన్నియేండ్లు గాడిఖానాలో పడియుండగా 1867లో ఫెర్గుసను పండితుని కంటబడెను. ఇచ్చట 1880లో మదరాసు గవర్నరు ఆజ్ఞచే మిగిలిన దిబ్బనంతయు తొలగించిరి. స్తూపముండిన చోట గొయ్యి మిగిలెను.

కావున "ఆంగ్లేయులు కొనిపోకున్న ఆ శిలలు సున్నమైయుండెడివి" అనువారితో మేము కలహింపము. ఆ మాటలో కొంత సత్యము కలదు, సిగ్గుతో నొప్పుకొందుము. కాని ఇల్లు కాలుచుండగా పెట్టెను బయటికి తెచ్చిన పొరుగువాడు, ఇల్లు మరల కట్టుకొన్న పిదపను పెట్టె నాదేయనుట యే ధర్మము? బ్రిటిషు మ్యూజియము వారు 1963 నాటి తమ శాసనమును చూపి, ఇచ్చుటకు మాకధికారము లేదందురు. ఆ శాసనము చేసినది వారి పార్లమెంటే గదా. తమ చేతులను తామే కట్టుకొని, కట్టులున్నవని చూపుట వాదము కాదు.

ఇక ఖ్మేరులను చూడుడు. వారి లిపి దక్షిణ భారతపు లిపినుండి పుట్టినది. ఆ ప్రాంతముల తొలినాటి బుద్ధప్రతిమలలో అమరావతి శిల్పుల ఛాయ కలదని పండితులు చెప్పుదురు. యుద్ధముల చేతను మారణహోమము చేతను చితికిన చిన్నదేశము కాంబోడియా. వారి విగ్రహములను దొంగలు నరికి ధనికదేశములకు అమ్మిరి. ఆ జాతి యూరకుండలేదు. న్యూయార్కునందలి మెట్రోపాలిటన్ మ్యూజియము 2013లో కోకేరు క్షేత్రపు రెండు విగ్రహముల నప్పగించెను. 2014లో దుర్యోధన విగ్రహము ఇల్లు చేరెను. 2023 తుదిని మరి 14 శిల్పముల నిచ్చుటకు ఆ మ్యూజియమే యంగీకరించెను. వారివి దొంగసొత్తు, మనవి దొరతనము పంపినవి యని భేదము చెప్పువారు కలరు. ఆ దొరతనమునకు ఆ యధికార మే యాంధ్రు డిచ్చెను?

మనకును దృష్టాంతము లేకపోలేదు. గుండ్లకమ్మ యొడ్డున చందవరము స్తూపమునుండి దొంగిలింపబడిన బౌద్ధశిల్పమును ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల 2016లో భారతదేశమునకు మరల నిచ్చెను. అడిగినచో వచ్చునని దీనివలన తెలియుచున్నది.

లండను దూరము, చెన్నపట్టణమో? ఎగ్మూరు మ్యూజియమునందు అమరావతి శిలలు లండనులోకంటె నెక్కువగా నున్నవి. 1953లో మదరాసు నగరమును విడిచి వచ్చినప్పుడు మన నాయకులు కచేరీలను గూర్చి, ధనమును గూర్చి, ఉద్యోగులను గూర్చి వాదించిరి. ఈ శిలల మాట యెంత గట్టిగా నెత్తిరో ఫలితమే చెప్పుచున్నది. అప్పుడప్పుడొక కోరిక వినబడును, మరల సద్దుమణగును. ఒకే గణతంత్రములోని రెండు రాష్ట్రములు కూర్చుండి మాటలాడుకొనుటకు ఏ పార్లమెంటు శాసన మడ్డము?

మనమేమో పేరులతో తృప్తిపడుచున్నాము. 2015లో నూతన రాజధానికి అమరావతి యని పేరుపెట్టి శంకుస్థాపన చేసికొంటిమి. పాత అమరావతిలో 125 అడుగుల ధ్యానబుద్ధుని నిలిపితిమి. నాగార్జునసాగరమున బుద్ధవనమును కట్టి 2022లో తెరచితిమి. అందు అమరావతి స్తూపపు నకలు కలదు. నకళ్లను మేము నిందింపము. అసలును కోరుటకు అలసిన జాతికి నకలు నిద్రమందు కారాదు గదా యని మా భయము. అంగ్‌కోర్ వాట్ ఆలయమును బాగుచేయుటకు 1986 నుండి 1993 వరకు మన పురావస్తు శాఖయే పనిచేసెను. పరుల గోపురములను నిలబెట్టగల చేతులకు మన గొయ్యి కనబడదా?

ముందు అమరావతిలో ఆ శిలల కర్హమైన భవనమును, గాలి చెమ్మ తగులని గదులను, నమ్మదగిన కాపలాను ఏర్పరుపవలెను. ఇల్లు లేనివాడు సొమ్మడిగిన నెవ్వ రిత్తురు? పిమ్మట చెన్నపట్టణమును అడుగవలెను. అటుపై లండనును. ఈ క్రమము తప్పినచో మన కోరిక సభలలో చప్పట్లకే పనికివచ్చును.

ఆ మిత్రులు కార్తికమున అమరావతికి వత్తుమని మాట యిచ్చిరి. అమరేశ్వర దర్శనమైన పిదప వారిని దీపాలదిన్నెకు తోడుకొనిపోవుటకు మేము సిద్ధముగా నున్నాము. తక్కినవన్నియు నెచ్చటనని వారడిగినప్పుడు మేమేమి చెప్పవలెనో దొరతనమువారు సెలవియ్యవలెను.