నర్సు ఉద్యోగం ఇప్పించదు, నిద్ర పడుతోందా అని మాత్రం అడుగుతుంది

‘ముందు ఉద్యోగం రానీ, మనసు అదే కుదుటపడుతుంది’ అనే మాట మీరు వినే ఉంటారు. నాకు దాని మీద నమ్మకం లేదు. 2019 ఫిబ్రవరిలో వచ్చిన రైల్వే ఎన్టీపీసీ నోటిఫికేషన్‌కి మొదటి పరీక్ష మొదలైంది 2020 డిసెంబరు ఆఖర్లో. దాదాపు రెండేళ్లు! అన్నాళ్లూ సరిగ్గా నిద్రపట్టనివాడు పరీక్ష హాల్లో ఏం రాస్తాడు?

నౌపడలో రైలు దిగితే ఉప్పుమడులున్నాయి, గుణుపూర్ లైనుంది. సైకియాట్రిస్టు కావాలంటే మాత్రం బయటికి వెళ్లాల్సిందే. శ్రీకాకుళం సర్వజనాసుపత్రి, అక్కడా కాదంటే విశాఖ చినవాల్తేరులోని మానసిక వైద్యశాల. డాక్టరు మిమ్మల్ని చూసేది నెలకోసారి, కాసేపు. మిగతా రోజుల్లో మీ సంగతి కనిపెట్టుకుని ఉండాల్సిన మనిషే కమ్యూనిటీ సైకియాట్రిక్ నర్సు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో ఈ పని ఉంది. 1996లో దేశంలో నాలుగు జిల్లాల్లో దీన్ని మొదలుపెట్టినప్పుడు అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని మెదక్ కూడా వాటిలో ఒకటి.

ఆమె దగ్గర ఏం ఆశించాలి? (ఆయన కూడా కావచ్చు.) మొదటిసారి అడిగేవన్నీ మామూలు ప్రశ్నల్లాగే ఉంటాయి. ఎన్నింటికి పడుకుంటున్నారు, అన్నం సహిస్తోందా, మందు అలవాటు ఉందా, ఇంట్లో ఎవరికైనా ఇలా ఉండేదా అని. తర్వాత సూటిగా ఇంకో ప్రశ్న వస్తుంది: ‘చచ్చిపోవాలనిపించిందా?’ కంగారు పడకండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్నది అపోహ. అడిగినందుకు మనసు తేలికైనవాళ్లే ఎక్కువ. ఉన్నది ఉన్నట్టు చెప్పేయండి.

మందు రాసేది, జబ్బు పేరు తేల్చేది డాక్టరే. అవి పనిచేస్తున్నాయో లేదో చూసేది నర్సు. డిప్రెషన్ మందులు గుణం చూపడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నోరెండటం, కడుపులో వికారం లాంటివి మాత్రం ముందే వస్తాయి. మనవాళ్లు ఎక్కువగా మానేసేది సరిగ్గా ఈ మధ్యలోనే. పదోరోజున ‘ఇవి నాకు పడట్లేదు’ అని అట్ట పక్కన పడేస్తారు. అప్పుడు ‘ఇంకో వారం చూడండి, తగ్గకపోతే డాక్టరుతో మాట్లాడదాం’ అనే మనిషి ఉంటే చాలావరకు నిలబడతారు. మానసిక ఆరోగ్యం యాప్‌లు చాలానే చూశాను. గుర్తుచేయడం వాటికి బాగా వచ్చు. ‘దిష్టి తగిలింది, ఏటి మందులు?’ అనే నాయనమ్మతో అరుగు మీద కూర్చుని మాట్లాడటం మాత్రం ఏ యాప్‌కీ రాదు.

ఇక అందరికీ ఉండే భయం: ‘ఉద్యోగం ఇచ్చేవాళ్లకి తెలిస్తే?’ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాలి. ప్రాణానికి ముప్పున్నప్పుడు, ఇతరులకు హాని జరిగేలా ఉన్నప్పుడు, ఇలా చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లోనే మినహాయింపు. కంపెనీ హెచ్‌ఆర్ ఫోన్ చేసి అడిగినంత మాత్రాన చెప్పే విషయం కాదు. ఆర్మీ, పోలీసు, రైల్వేల సంగతి వేరు. అక్కడ వైద్యపరీక్షలుంటాయి, వాటి నియమాలు వాటివి. మన జిల్లాలో ఆ ఉద్యోగాలకు తయారయ్యేవాళ్లే ఎక్కువ కాబట్టి ఈ మాట దాచను. కానీ వైద్యం వాయిదా వేస్తే జబ్బు ముదురుతుందే తప్ప ఫిట్‌నెస్ రాదు కదా.

నాకు కోపం తెప్పించే సంగతి ఇంకొకటుంది. కార్యక్రమం మార్గదర్శకాల్లో జిల్లా మొత్తానికి సైకియాట్రిక్ నర్సు పోస్టు ఒకటి, కమ్యూనిటీ నర్సు పోస్టు ఒకటి. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా ఇద్దరు ఎన్ని గడపలు ఎక్కగలరు? నెలకోసారి మీ ఇంటికి రాలేదంటే తప్పు వాళ్లది కాదు. ఆ పోస్టులు పెంచమని అడగాల్సింది మనమే. మండల సమావేశంలో రోడ్ల గురించి అడిగినట్టే దీన్నీ అడగొచ్చు. బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నవాళ్లు కూడా ఈ వైపు చూడండి, ఇక్కడ మనుషుల అవసరం చాలా ఉంది.

ఈలోగా మీ ఊరి విలేజ్ క్లినిక్‌లో ఉండే సీహెచ్‌వో దగ్గరికి వెళ్లండి. వాళ్లూ నర్సింగ్ చదివినవాళ్లే. ఎక్కడికి పంపాలో చెబుతారు. నోట్లోంచి మాట రాకపోతే ‘రెండు వారాలుగా నిద్ర లేదు’ అనండి, చాలు. ఊళ్లో ఎవరైనా చూస్తారని బెరుకుగా ఉంటే 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ లైను అది. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన గట్టిగా ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ఇంట్లో ఒకరికి చెప్పి, వాళ్లని వెంటబెట్టుకుని దగ్గర్లోని పెద్దాసుపత్రికి ఆ పూటే వెళ్లండి.

ఇంతకుముందు వాడిన మందుల అట్టలుంటే కూడా పట్టుకెళ్లండి. ‘తెల్ల బిళ్ల, చిన్నది’ అంటే ఏ నర్సుకీ అర్థం కాదు.