కొన్నాక తాళం ఎవరి చేతిలో?

ఆటల గురించి రాయడమేంటి, పనిలేకనా అని మిత్రులు అడగొచ్చు. డబ్బు పెట్టి కొన్న వస్తువు మీద కొన్నవాడికి హక్కుందా లేదా అన్నదే ఇక్కడ తేలాల్సింది. అందుకే రాస్తున్నాం.

సెల్‌ఫోన్ పక్కనపెడితే, వీడియో ఆటలు ఆడే యంత్రాలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి కంప్యూటర్. రెండోది కన్సోల్, అంటే టీవీకి తగిలించి ఆడే పెట్టె. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ అట్లాంటివే. కన్సోల్‌ని మేం తీసిపారెయ్యడం లేదు. తగిలిస్తే చాలు, ఆట నడుస్తుంది. అదే ఆట అంత బాగా ఆడే కంప్యూటర్ కొనాలంటే చాలాసార్లు ఇంకా ఎక్కువే పెట్టాలి. చేతిలో నాలుగు డబ్బులే ఉన్నోళ్లకు ఇది చిన్న మాటేం కాదు.

కాని ఆ పెట్టెలో ఏ ఆట నడవాలో చెప్పేదెవరు? కంపెనీయే. 1985లోనే నింటెండో అమెరికాలో అమ్మిన పెట్టెలో తాళం లాంటి చిప్ పెట్టింది. తన అనుమతి లేని ఆటల్ని అడ్డుకోవడమే దాని పని.

సోనీ సంగతి చూడండి. 2006లో ప్లేస్టేషన్ 3 అమ్మింది. ఇందులో లినక్స్ వేసుకుని కంప్యూటర్ లాగా వాడుకోవచ్చని తనే చెప్పింది. కొందరు అందుకోసమే కొన్నారు. అమెరికా వైమానిక దళం 1,700 పైచిలుకు పెట్టెలు కలిపి ఒక పెద్ద లెక్కల యంత్రమే కట్టింది. 2010 ఏప్రిల్ 1న కంపెనీ ఒక అప్‌డేట్ పంపింది. భద్రత కోసమంటూ ఆ సౌకర్యం తీసేసింది. అప్‌డేట్ వద్దంటే ఆన్‌లైన్ ఆట బంద్. కొన్నవాళ్లు కోర్టుకెక్కారు. ఏళ్ల తరబడి నడిచి కేసు రాజీ అయింది. పరిహారం ఇచ్చారు గాని, పోయిన సౌకర్యం తిరిగివ్వలేదు. అమ్మిన ఇంట్లోకి మళ్లీ వచ్చి ఒక గదికి తాళమేసి పోతే ఊరుకుంటామా?

కంప్యూటర్ దగ్గర ఏం జరిగిందో చూడండి. 1998లో వాల్వ్ కంపెనీ హాఫ్-లైఫ్ అనే ఆట తెచ్చింది. దాన్ని మార్చుకునే పనిముట్లు కూడా ఆడేవాళ్ల చేతికిచ్చింది. మిన్ లె, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్లు వాటితో 1999లో కౌంటర్-స్ట్రైక్ చేశారు. మన పట్టణాల ఇంటర్నెట్ సెంటర్లలో పిల్లలు గంటకింతని కట్టి ఆడింది ఆ ఆటే. 2000లో వాల్వే దాన్ని అమ్మకానికి పెట్టింది, వాళ్లిద్దర్నీ పనిలోకి తీసుకుంది. తలుపు తెరిచి ఉంటే ఆడేవాడు తయారుచేసేవాడవుతాడు. పైగా అదే యంత్రం మీద పిల్ల పాఠం చదువుకుంటది, ఉద్యోగానికి దరఖాస్తూ పెట్టుకుంటది.

అట్లాగని కంప్యూటర్ దగ్గర అంతా స్వేచ్ఛే అనుకుంటే మోసపోతాం. అదే వాల్వ్ నడిపే స్టీమ్ దుకాణంలో మనం కొనేది ఆట కాదు, ఆడుకునే అనుమతి. కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చట్టం చేసింది: అనుమతి మాత్రమే అమ్ముతుంటే ఆ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పాలని. అంతవరకూ ‘కొనండి’ అన్న మాటే అందరికీ కనబడేది.

మేం అడిగేది ఎక్కువేం కాదు. అమ్మేది వస్తువా, అనుమతా ముందే చెప్పండి. ఇచ్చిన సౌకర్యం అమ్మాక లాక్కోవద్దు. కంపెనీ చేతులెత్తేసినా కొన్న ఆట నడిచే దారి ఉంచండి. కంప్యూటరో కన్సోలో, మీ తాహతును బట్టి కొనుక్కోండి. కొనేముందు మాత్రం అడగండి: రేపు దీని తాళం ఎవరి దగ్గరుంటది?