బిడ్డ నాడి, ఇంటి నాడి

బిడ్డ చిక్కినచో దృష్టి తగిలినదని ఉప్పు దిగదుడుచుట మన పెద్దల వాడుక. నేడు వైద్యులే బడికి వచ్చి కన్నును, పన్నును, రక్తమును పరీక్షించుచున్నారు. 2013వ సంవత్సరమున మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పుట్టినది మొదలు 18 ఏండ్లవరకు బిడ్డల నిట్లు పరీక్షించుటకే ఏర్పడినది. ఇది మిక్కిలి మేలు. అయినను బిడ్డ నాడి చూచిన చాలదనియు, ఇంటి నాడియు చూడవలెననియు మేమొక పొరపాటు చేసి నేర్చుకొంటిమి.

మా క్రోసూరు ప్రాంతమున మిరప, ప్రత్తి పైరులు విస్తారము. సంక్రాంతి దాటగానే కాయ కోతలకు కర్నూలు సీమనుండి కుటుంబములకు కుటుంబములే తరలివచ్చి, చేలచెంత పట్టాల గుడిసెలలో కాపురముందురు. కడచిన మాఘమున అట్టి కుటుంబములోని ఎనిమిదేండ్ల బాలిక యొకతె నీళ్లకు వచ్చి మా వాకిట సొమ్మసిల్లెను. కనురెప్ప దించి చూడగా లోపల పాలిపోయి యుండెను. ఆరోగ్య కేంద్రమున ఇనుప ధాతువు మాత్ర లిచ్చిరి. పదునైదు దినములకు మరల అదే స్థితి. “పిల్లకు అన్నము పెట్టుచున్నావా, లేదా?” అని పదిమంది యెదుట తల్లిని మందలించితిమి. ఆమె తల వంచుకొని పోయెను. వారము దినములు ఆ బిడ్డ మా కంటబడలేదు.

మనస్సు నిలువక, ఒక సాయంకాలము మేమే గుడిసెకు పోయి ఆమె ప్రక్కన కూర్చుంటిమి. “పాపను బడికి పంపితే చంటోన్ని ఎత్తుకునేదానికి ఎవరుండారమ్మా?” అని ఆమె కన్నీరు పెట్టుకొనెను. తెల్లవారకమునుపు వండిన అన్నమే రాత్రివరకు ఆధారము. అందును తమ్మునికి పెట్టగా మిగిలినదే ఆ బాలికకు. బడిలో పేరు లేదు గావున మధ్యాహ్న భోజనము లేదు. పరగడుపున మాత్ర వికారము పుట్టించుచున్నదని మానివేసిరి. రేషను బియ్యము సొంత యూరనే ఇత్తురని తలచి ఇచట అడుగనేలేదు. లోపము రక్తమున కనబడినది గాని, దాని వేరు బ్రతుకు తెరువున నున్నది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రమున అయిదేండ్ల లోపు బిడ్డలలో నూటికి 63 మందికి రక్తహీనత కలదు. మాత్రతోబాటు ఒక మంచి మాటయు ఈ బిడ్డలకు కావలెను. నిన్న ఎన్నిపూటలు తిన్నది? పగలు ఎవరు కనిపెట్టుకొందురు? బడిలో పేరున్నదా? త్రాగునీరెచటిది? పల్నాట కొన్ని యూళ్ల నీటిలో ఫ్లోరైడు హెచ్చు గావున ఇది తప్పక అడుగదగినది. ఇంట త్రాగుడు, దెబ్బల భయమున్నదా? ఈ కడపటి ప్రశ్న ఏకాంతమున, మిక్కిలి మెల్లగా అడుగవలెను. తప్పు పట్టుటకై అడిగినచో తల్లి నోరు మూసికొనును. అడిగి యూరకుండుటయో, పుండు కెలికి కట్టు కట్టకపోవుటయే.

తమ్ముని అంగన్వాడీకి పంపునట్లు చేసి, బాలికను మావారి బడిలో కూర్చుండబెట్టించితిమి. మాత్ర అన్నము తిన్న పిమ్మట వేయుమంటిమి. రేషను కార్డు రాష్ట్రమున ఎచటనైనను చెల్లునని చెప్పితిమి. హింసకు గురియగు బిడ్డలకొరకు 1098 అను ఫోను సంఖ్య కలదు, గుర్తుంచుకొనుడు.

కోతలు ముగిసిన పిమ్మట వారు వెడలిపోయిరి. పోవునపుడు ఆ బాలిక పలక చంకనిడుకొని నవ్వినది. ఆమె ఇప్పుడు ఏ యూర నున్నదో, అచటి వాకిట నిలిచి “తింటివా, తల్లీ?” అని అడుగు గృహిణి మీలో ఒకరు కావలెనని మా ప్రార్థన.