మొదటి పిస్టలు సినిమా చూసి కొనకండి

షూటింగ్ నేర్చుకుందామనుకునే మన సాఫ్ట్‌వేర్ మిత్రుల మొదటి ప్రశ్న: "లైసెన్సు ఎలా వస్తుంది బాసూ?" నన్నడిగితే మొదటి పిస్టలుకి లైసెన్సే అక్కర్లేదు. 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టలు కొనండి. శక్తి 20 జౌల్స్ దాటకపోతే 2016 నిబంధనల ప్రకారం లైసెన్సు అవసరం లేదు.

ఫిల్మ్‌నగర్ హీరోలు రెండు చేతులా కాలుస్తారు. పోటీలో ఒంటిచేత్తోనే! దూరం 10 మీటర్లు, పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. అంచేత బ్రాండు కన్నా పిడి మీ చేతికి కుదరడం ముఖ్యం. ముందు రేంజిలో వాళ్ళ పిస్టలుతో కొన్నాళ్ళు కాల్చి చూడండి. మన హైదరాబాదు ఈషా సింగ్ 2018లో, పదమూడేళ్ళకే జాతీయ ఛాంపియన్ అయ్యింది ఎయిర్ పిస్టలుతోనే.

"ఇంటి రక్షణకీ పనికొస్తుందిగా" అని నిజం తుపాకీ కొంటామంటారా? 2004 జూన్‌లో జూబిలీ హిల్స్‌లో ఒక హీరోగారింట్లో జరిగిన కాల్పులు గుర్తు చేసుకోండి. ఇద్దరు గాయపడ్డారు. ఆ తుపాకీకి లైసెన్సు ఉంది!