కారు కుదుపును డీబగ్ చేద్దాం రండి

వానాకాలం మొదలైతే ఐటీ కారిడార్‌లో లంచ్ టేబుల్ కబుర్లు మారిపోతాయి. అప్రైజళ్లు, ఆన్‌సైట్లు పక్కకెళ్లి గుంతలు ముందుకొస్తాయి. కొండాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా రోజూ కారు నడిపేవాళ్లంతా నడుం పట్టుకునే మాట్లాడతారు. "కారు మార్చేద్దామా?" అంటారొకరు. "పెద్ద అలాయ్ వీల్స్ వేయిస్తే సరిపోతుంది" అంటారింకొకరు. ఊరి నుంచి అమ్మానాన్న వస్తే బాధ రెట్టింపు. వెనక సీట్లోంచి నాన్న ప్రతి గతుక్కీ "అబ్బా" అంటుంటే, ఈఎంఐ కట్టి కొన్న కారు మీద మనకే కోపమొస్తుంది.

ప్రొడక్షన్‌లో ఏదైనా ఆగిపోతే వెంటనే సర్వర్ మార్చేయం కదా! లాగ్స్ చూస్తాం, ఒక్కో లేయర్ చెక్ చేస్తాం. ఇక్కడా అంతే. రోడ్డు మీది దెబ్బ ముందు టైరుకి తగులుతుంది. అక్కడి నుంచి స్ప్రింగు, షాక్ అబ్జార్బర్, రబ్బరు బుష్‌లు, సీటు దాటుకుని మన వెన్నెముకకు చేరుతుంది. కాబట్టి కింది నుంచి పైకి, పైసా ఖర్చు లేనిదాంతో మొదలుపెడదాం.

మొదటిది గాలి. డ్రైవర్ డోర్ తెరిస్తే ఆ ఫ్రేమ్ మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. చాలా కార్లకు అందులో రెండు రకాల అంకెలుంటాయి: కారులో ఒకరిద్దరే ఉంటే ఒకటి, ఫుల్ లోడుకు ఒకటి. పెట్రోల్ బంకులో కుర్రాడు "ఎంత పెట్టమంటారు సార్?" అంటే మనం ఫోన్ చూస్తూ "నార్మల్ పెట్టు" అంటాం. అతను అన్ని కార్లకీ పెట్టే అంకే మనకీ పెడతాడు. ఒక్కరమే ఆఫీసుకెళ్లే కారులో ఫుల్ లోడు గాలి ఉంటే టైరు రాయిలా ఉంటుంది, ప్రతి చిన్న గతుకూ లోపలికి తెలుస్తుంది. అలాగని స్టిక్కర్ మీది అంకె కన్నా తగ్గించకూడదు. గాలి తక్కువైన టైరు వేడెక్కుతుంది, గుంతలో పడ్డప్పుడు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగిపోతుంది. ఔటర్ రింగ్ రోడ్ ఎక్కేవాళ్లు ఇది అస్సలు మర్చిపోవద్దు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే గాలి దాదాపు ఒకటిన్నర పీఎస్‌ఐ పెరుగుతుంది కాబట్టి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఇక నైట్రోజన్ సంగతంటారా? మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. అది కొట్టిస్తే మెత్తదనం వస్తుందని ఆశపడకండి.

రెండోది టైరు సైజు. టైరు పక్కన 165/80 ఆర్14 అని ఉందనుకోండి. వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం, అంటే 132 మిల్లీమీటర్లు. అదే 195/55 ఆర్16 అయితే పక్కగోడ 107 మిల్లీమీటర్లే. రోడ్డుకీ రిమ్ముకీ మధ్య ఉండే గాలి దిండు రెండున్నర సెంటీమీటర్లు తగ్గిపోయింది! చాలా మోడళ్లలో బేస్ వేరియంట్‌కి చిన్న రిమ్ము, టాప్ వేరియంట్‌కి పెద్ద అలాయ్ వస్తాయి. ఫొటోలో టాప్ వేరియంట్ బాగుంటుంది, గుంతలో బేస్ వేరియంట్ హాయిగా ఉంటుంది. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్తే షోరూం ముందున్న నున్నటి రోడ్డు మీద కాదు, మీ కాలనీ సందులో నడిపి చూడండి. మీరు కొనే వేరియంటే అడగండి.

మూడోది సస్పెన్షన్. స్ప్రింగు బరువు మోస్తుంది, దెబ్బను మింగుతుంది. కానీ మింగిన దెబ్బను ఊపుగా తిరిగి బయటపెడుతుంది. ఆ ఊపును చంపేది షాక్ అబ్జార్బర్, లోపలి నూనెను సన్నటి రంధ్రాల గుండా నెట్టి. కారు ఆపి ఒక మూల బానెట్ పక్కన గట్టిగా నొక్కి వదలండి. ఒకటి, ఒకటిన్నర ఊపులో నిలబడితే సరే. ఊగుతూనే ఉన్నా, షాక్ అబ్జార్బర్ మీద నూనె కారిన మరక కనిపించినా మెకానిక్‌కి చూపించాల్సిందే. మారిస్తే ముందువి రెండూ లేదా వెనకవి రెండూ జతగా మార్చాలి. కారు పాతదైతే టకటక శబ్దం చాలాసార్లు అరిగిపోయిన బుష్‌ల నుంచో, స్టెబిలైజర్ లింకుల నుంచో వస్తుంది. వీటికయ్యే ఖర్చు కొత్త కారు డౌన్‌పేమెంట్ ముందు ఏపాటిది!

ఇక్కడే చాలామంది పడే ఉచ్చు ఒకటుంది. స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు. "కంఫర్ట్ అదిరిపోద్ది" అంటూ రీల్స్‌లో తెగ అమ్ముతారు. కారు కాస్త ఎత్తుగా నిలబడుతుంది, ఫుల్ లోడులో కింద తగలడం తగ్గుతుంది, అది నిజమే. కానీ స్ప్రింగులో కొన్ని చుట్లు పనిచేయకుండా పోతే అది గట్టిపడుతుంది. మన శరీరం సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే పైకీ కిందికీ ఊపులకు బాగా ఇబ్బంది పడుతుంది. అందుకే కంపెనీలు కారు బాడీ సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లే ఊగేలా స్ప్రింగులు ఎంచుకుంటాయి. గట్టిపడే కొద్దీ మనం ఇబ్బంది పడే అంకె వైపే జరుగుతాం. పైగా వారంటీకి ఇబ్బంది రావచ్చు. మెత్తదనం కోసం డబ్బిచ్చి గట్టిదనం కొనుక్కోవడం ఎందుకు?

నాలుగోది మన పాదం. వేగం 40 నుంచి 20కి తగ్గితే గతిశక్తి సగం కాదు, నాలుగో వంతవుతుంది. ఇంటర్ ఫిజిక్సే! గుంత కనిపించగానే ముందే బ్రేక్ వేసి, చక్రం గుంతలో దిగే క్షణానికి వదిలేయాలి. బ్రేక్ నొక్కి ఉంచితే కారు ముక్కు కిందికి దిగి ముందు స్ప్రింగు అప్పటికే నలిగి ఉంటుంది, దెబ్బ మింగడానికి దానికి చోటుండదు. అన్నిటికన్నా ముఖ్యం, గుంత తప్పించాలని స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పొద్దు. గచ్చిబౌలిలోనైనా మాదాపూర్‌లోనైనా మన కారు పక్కన ఎప్పుడూ ఒక బైక్ ఉంటుంది. దాని మీద ఆర్డర్ లేటవుతోందని పరుగెత్తే డెలివరీ కుర్రాడు ఉంటాడు. మన రిమ్ము వంగితే బాగు చేయించుకోవచ్చు. ఆ కుర్రాడు పడితే?

నాన్న సంగతికొద్దాం. చిన్న కార్లలో వెనక సీటు దాదాపు వెనక చక్రాల మీదే ఉంటుంది. రెండు ఇరుసుల మధ్య ఉండే ముందు సీట్లో కుదుపు తక్కువ. నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్లను ముందు కూర్చోబెట్టండి, వెన్నుకు ఆనేలా సీటు సర్దండి. పైసా ఖర్చు లేదు.

టెక్నాలజీతో ఈ సమస్య పూర్తిగా తీరిపోదా అంటే, హెడ్‌ఫోన్లతో మనకు తెలిసిన అమర్ బోస్ సరిగ్గా అదే ప్రయత్నించారు. 1980లో మొదలుపెట్టి, స్ప్రింగుల బదులు విద్యుదయస్కాంత మోటార్లతో ఒక సస్పెన్షన్ తయారుచేశారు. 2004లో దాన్ని బయటి ప్రపంచానికి చూపించారు. ఆ కారు గతుకుల మీద తేలిపోయింది. కానీ బరువూ ఖరీదూ ఎక్కువై షోరూంకి రాలేదు.

అందుకే అసలు బగ్ రోడ్డులోనే ఉందని ఒప్పుకోవాలి. తారు పగులులోకి వాన నీరు దిగుతుంది. పైనుంచి చక్రం నొక్కినప్పుడల్లా ఆ నీరు కంకరను వదులు చేస్తుంది. పగులు గుంతవుతుంది. స్పీడ్ బ్రేకర్లకూ ఒక స్పెసిఫికేషన్ ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం 25 కిలోమీటర్ల వేగానికి వేసే హంప్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మీ కాలనీలో సిమెంటుతో కట్టిన గట్టును ఒకసారి కొలిచి చూడండి, మీకే తెలుస్తుంది.

ఈ బగ్‌ని తన చేతులతో ఫిక్స్ చేసిన పెద్దాయన మన హైదరాబాద్‌లోనే ఉన్నారు. రైల్వేలో రిటైరై వచ్చిన కట్నం గంగాధర తిలక్. భార్య వెంకటేశ్వరి గారితో కలిసి, పెన్షన్ డబ్బుతో, కారు డిక్కీలో తారు, కంకర వేసుకుని పదేళ్లకు పైగా గుంతలు పూడ్చారు. జనం ఆయన్ని 'రోడ్ డాక్టర్' అన్నారు. మనందరం పార పట్టుకోలేం. కానీ రోజూ తిట్టుకుంటూ దాటే గుంతను ఫొటో తీసి, లొకేషన్‌తో కార్పొరేషన్‌కి ఫిర్యాదు పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. టికెట్ రెయిజ్ చేయడం మనకు కొత్తేం కాదుగా! క్లోజయ్యేదాకా ఫాలో అప్ చేయడం కూడా.

ఈ శనివారం పొద్దున ఇంకా ఎండెక్కకముందే డోర్ స్టిక్కర్ చూసి గాలి సరిచేయించండి. తర్వాత నాలుగు మూలలా నొక్కి చూడండి. కారు మార్చాలా వద్దా అన్నది ఆ తర్వాత ఆలోచిద్దాం.